దాపట చక్రం, ఎలపట చక్రం

నా చేతికింద పని నేర్చుకున్నవాళ్ళను ఎవరినైనా అడిగి చూడండి, షెడ్డులో కుడి, ఎడమ అన్న మాటలు వినిపిస్తే నాకు ఒళ్ళు మండుతుందని చెప్తారు. "అన్నా, కుడి చక్రం విప్పేదా?" అని కొత్తగా చేరినవాడు అడిగితే స్పానరు కింద పెట్టి వాడి మొహంలోకి చూస్తాను. "ఎవరి కుడిరా? నీదా, నాదా, బండిదా?" అంటాను. వాడు చక్రం వైపూ నా వైపూ చూస్తాడు. అప్పుడు పాతవాడెవడో పక్కనుంచి అందిస్తాడు: "దాపట, ఎలపట అనాలప్పా. లేకుంటే పెద్దాయన ఈ పొద్దంతా కథ చెప్తాడు."

ఆ కథే ఇప్పుడు చెప్తున్నాను. సేద్యం ఎరగనివాళ్ళ కోసం ముందుగా ఒక ముక్క. కాడికి కట్టిన ఎద్దుల్లో ఎడమ పక్కది దాపటిది, కుడి పక్కది ఎలపటిది. మనిషి వాటి ముందు నిలబడినా వెనక నిలబడినా ఆ పేర్లు మారవు. ఇంత చిన్న సంగతి మాకు తలకెక్కడానికి ఒక రేసు కారు కట్టవలసి వచ్చింది.

యాభైల చివరి రోజులవి. హిందూపురంలో ఒక ప్రైవేటు బస్సుల షెడ్డులో నేను ఫిట్టరుని. మా బస్సులు పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా తిరిగేవి. యజమానిని మేమంతా ధణీ అని పిలిచేవాళ్ళం. కన్నడం కలిసిన మా ఊరి మాటల్లో దొర అన్నట్టు. పొలాలూ బస్సులూ ఉన్న మనిషి, మంచి ఒడ్డూ పొడుగూ, అంతకు తగ్గ పొట్ట. ఆయనకు ఒక్కటే పిచ్చి. బెంగుళూరులో చదువుకునే రోజుల్లో ఎవరో దొర నడిపే పాతకాలపు రేసు కారును చూశాడట. పొడుగాటి ముక్కు, సన్నటి తోక, పొగగొట్టం బయట పక్కనే పారుతూ ఉంటుంది, ఇనుప పుల్లల చక్రాలు, డ్రైవరు పక్కన ఒక మెకానిక్కు కూర్చునే చోటు. చదువు మర్చిపోయాడు కానీ ఆ కారును మర్చిపోలేదు.

అలాంటిది కొనడానికి దొరకదు. "కొనేదేంటికి, కడతాం పా" అన్నాడు ఒకరోజు నాతో, బస్సు కింద పడుకుని ఉన్నవాణ్ణి కాళ్ళు పట్టి బయటికి లాగి. గనుల్లో పనిచేసి ఇంగ్లండుకు వెళ్ళిపోయిన ఒక దొర వదిలేసిన కారు తుప్పు పట్టి ఉంటే దాని ఇంజను తెచ్చాడు. చాసిసు పాత బస్సు పట్టీలు కోసి మేమే చేశాం. ఒళ్ళంతా బస్సు బాడీకి కప్పగా మిగిలిన అల్యూమినియం రేకు. ముక్కు మూత ఎగిరిపోకుండా కట్టడానికి తోలు పట్టీ కావాలంటే, మూలనపడ్డ కపిల బాన తోలు కోసి ఇచ్చాడు. బావిలో నీళ్ళు తోడిన తోలు రేసుకు పోవడం నాకు ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది.

ఈ పనికి బస్సుల షెడ్డు పనికిరాదని ధణి ఇంటి వెనకాల ఉన్న చింతపండు గోడౌను ఖాళీ చేయించాడు. ఆ మూటలన్నీ ఇంటి వసారాలోకి చేరాయి. ధణి ఇల్లాలు నల్లచెరువు పక్కన ఒక సేద్యగాళ్ళ ఇంటి ఆడపిల్ల. మేము అమ్మగారు అనేవాళ్ళం. చిన్న మనిషి, పెద్ద గొంతు. వసారాలో కాలు పెట్టడానికి సందు లేక ఆమె మూటల మీదుగా నడుస్తూ మమ్మల్ని తిట్టేవారు. తిడుతూనే మజ్జిగ పంపేవారు. గోడౌనులో మాత్రం చింతపండు వాసన ఎంత కడిగినా పోలేదు. రాలిన చింతపండుతోనే ఇత్తడి రేడియేటరు తోమి అద్దంలా చేశాను, అదొక్కటే లాభం.

మాకు ఇద్దరు పనిమంతులు దొరికారు. ఒకడు లేతు మీద పనిచేసే టర్నరు, గౌరిబిదనూరు దిక్కు కన్నడం మనిషి. వాడి చేయి బంగారం, నోరు మాత్రం గొడ్డుకారం. నేను "కుడి పక్కది ఇయ్యి" అంటే చాలు, "కుడి కుడి అంటావు, తాగేదానికి ఏమన్నా పెట్టినావా?" అనేవాడు. కన్నడంలో కుడి అంటే తాగు అని. రోజుకు ఎన్నిసార్లు అన్నా వాడికి ఆ జోకు పాతబడలేదు. నాకు మొదటి రోజే పాతబడింది. మా ఇద్దరికీ క్షణం పడేది కాదు, ఒకడు రాకపోతే రెండోవాడికి పని సాగేది కాదు.

రెండోవాడు ధర్మవరం మగ్గాల వడ్రంగి. రేకు కింద కట్టెలతో కారు ఎముకల గూడు కట్టాల్సింది అతనే. ధణి నేలమీద సుద్దముక్కతో తోక గీసి చూపిస్తుంటే వడ్రంగి కాసేపు తల గోక్కుని, సంచిలోంచి నేతగాళ్ళ నాడె తీశాడు. మగ్గం మీద అటూ ఇటూ ఉరికే ఆ చిన్న కట్టె నాడె రెండు కొనలూ సన్నగా ఉంటుంది కదా.

"ఇట్లనా?" అన్నాడు.

ధణి దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇదేనప్పా. నేను ఇన్నేండ్లూ దీన్నే చెప్తాండా" అన్నాడు. ఆ రోజు నుంచి కారు పేరు నాడె.

సీటు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. తోక సన్నం, ధణి లావు. ఎలా కూర్చోబెట్టినా స్టీరింగు పొట్టలో దిగేది. చివరికి వడ్రంగి సీటు కింద పలక కోసి కాళ్ళు లోతుగా పోయేలా చేశాడు. "మగ్గం గుంతలో కూచున్నట్ల కూచోండి ధణీ, దర్జాగా ఉంటాది" అన్నాడు. కూర్చుంటే నిజంగానే దర్జాగా ఉంది. లేవడానికే ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది.

ఇక చక్రాల సంగతి. బాగా వినండి, గొడవంతా ఇక్కడే. ఆ కాలపు రేసు చక్రానికి మధ్యలో ఒకే ఒక పెద్ద నట్టు ఉంటుంది, దానికి రెండు చెవులు. కొడతి అనే కట్టె సుత్తితో చెవుల మీద కొట్టి బిగించడమే. బండి పోయేకొద్దీ ఆ నట్టు తనంతట తానే బిగుసుకుంటూ పోవాలి. అందుకని ఎడమ పక్క చక్రాలకు మామూలు మర, అంటే నట్టు లోపల చుట్లు తిరిగే గాడి, కుడి పక్క చక్రాలకు ఉల్టా మర కోస్తారు. పక్క మారిందంటే నట్టు పోయేకొద్దీ విప్పుకుంటుంది. మర ఉండేది నట్టులో ఒక్కదానిలోనే కాదు, చక్రం లోపలి హబ్బు మీద కూడా. టర్నరు నాలుగు హబ్బులూ ఒకే కొలతకు చేసి, పొరపాటు రాకుండా కుడివాటి మీద "కు" అని, ఎడమవాటి మీద "ఎ" అని పంచుతో కొట్టాడు. కన్నడంలోనూ ఎడమను ఎడ అంటారు కాబట్టి వాడికీ తేలిక, నాకూ తేలిక. ఆయా నట్టులను ఆయా హబ్బులకే తాడుతో కట్టి పెట్టాడు.

వెనక జత బిగించేటప్పుడు మేము తోక దగ్గర నిలబడ్డాం. ముందు జత బిగించేటప్పుడు రేడియేటరు ముందు నిలబడ్డాం, కారుకు ఎదురుగా. ఎదురుగా నిలబడ్డవాడి కుడి, కారు ఎడమ. ఇది చెప్తే ఇప్పుడు అందరూ నవ్వుతారు. ఆ రోజు నవ్వేవాడు ఒక్కడూ లేడు, ఎందుకంటే ఎవరికీ తట్టలేదు.

పరీక్షకు పెనుకొండ వెళ్ళాం. ధణి స్టీరింగు దగ్గర, నేను పక్కన. మా బస్సులు ఆవిర్లు కక్కుతూ ఎక్కే పెనుకొండ కనుమను నాడె పాట పాడినట్టు ఎక్కింది. పైన దిగి ఇద్దరం నిమ్మసోడా తాగాం. ధణి కారు చుట్టూ తిరిగి, ఎవరూ చూడట్లేదని అనుకుని దాని ముక్కు మీద ముద్దు పెట్టాడు. నేను చూశాను కానీ చెప్పలేదు.

తిరుగు దారిలో హిందూపురం కొద్ది దూరంలో ఉందనగా ఒక చక్రం మా ముందు రోడ్డు మీద తనంతట తాను దొర్లుకుంటూ పోయింది.

"ఎవురిదో చక్రం పోతాండాది చూడబ్బా" అన్నాడు ధణి, నవ్వుతూ.

నేను చూశాను. నేనే తోమిన అంచు, కొత్త పుల్లలు. "మనదే ధణీ" అన్నాను.

అంతలో కారు ఒక మూల కూలబడి, రోడ్డు గీసుకుంటూ పోయి వేరుశెనగ చేనులో ఆగింది. మాకు దెబ్బలేమీ తగల్లేదు. పరువు ఒక్కటే పోయింది, అదీ మామూలుగా కాదు. వెనకాలే మా సొంత బస్సు వచ్చింది, అందులోని జనమంతా దిగి సలహాలు చెప్పారు. చివరికి ఆ చేను రైతే ఎద్దులు కట్టాడు. విరిగిన మూల కింద మొద్దు పెట్టి, నాడెను ఎద్దులతో లాగించుకుంటూ హిందూపురం బజారులోంచి తీసుకొచ్చాం. బెల్లం మండీల దగ్గర జనం లేచి నిలబడి మరీ చూశారు. ధణి తలపాగా మొహం మీదికి లాక్కుని నడిచాడు, అయినా ఆ పొట్టను గుర్తుపట్టనివాళ్ళు ఎవరు?

గోడౌనులో పంచాయతీ మొదలైంది. "ఊడింది కుడి చక్రం" అన్నాను, నేను తోక దగ్గర నిలబడి ఉన్నాను. "కుడిది గట్టిగా ఉండాది, చూడు. ఊడింది ఎడది" అన్నాడు టర్నరు రేడియేటరు ముందు నిలబడి. ధణి మధ్యలో పక్కకు తిరిగి నిలబడి రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంటున్నాడు. నేను అరిచాను, వాడు అరిచాడు. "సుమ్మనే అరవద్దు, కన్ను తెరిచి చూడప్పా" అని వాడు, "కన్నుండేది నాకా నీకా" అని నేను. ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేదాకా వచ్చింది.

మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చిన అమ్మగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"మా నాయన కాడ ఇంతమంది సేద్యగాండ్లు ఉండ్రి. ఒక్కడన్నా ఎద్దు ముందర నిలబడి కుడి ఎడమ అని కొట్లాడుకుండ్లేదు" అన్నారు. "దాపటిది దాపటిదే, ఎలపటిది ఎలపటిదే. నువ్వు యాడ నిలబడితే దానికేమి?"

"ఇది ఎద్దులబండి కాదు కదమ్మా" అన్నాడు టర్నరు.

"ఎద్దులే కదప్పా ఈ పొద్దు లాక్కొచ్చినాయి" అన్నారు ఆమె.

టర్నరు చెంబు అందుకుని మజ్జిగ తాగాడు. ఒక్క నిమిషంలో ముగ్గురికీ విషయం అర్థమైంది. ముందు జత పక్కలు మారాయి, అంతే. కానీ ఆమె చెప్పవలసింది ఇంకా అయిపోలేదు. బజారంతా నవ్విన నవ్వు ఆమె చెవిదాకా వచ్చింది. భర్త వైపు తిరిగి గొంతు తగ్గించి మాట్లాడారు, ఆ గొంతు తగ్గినప్పుడే మాకు భయం.

"మీరు రేసుకు పోతారో ఇంగ యాడికి పోతారో నేనడగను. ఇది తన కాళ్ళ మీద పోవల్ల, తన కాళ్ళ మీద ఇంటికి రావల్ల. మల్ల ఎద్దులు కట్టి తెచ్చినా, లారీలో ఎక్కించి తెచ్చినా, ఆ పొద్దే చింతపండు గోడౌను లోపలికి పోతాది. ఈ లేతూ ఈ సామానూ బయటికి పోతాది."

ధణి ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? నాకు మాత్రం ఆ గోడౌను పోతే ఎలా అనిపించింది. బస్సుల షెడ్డులో నాకు రోజూ అదే బ్రేకు, అదే గేరుపెట్టె. ఉన్నది బాగుచేయడం తప్ప లేనిది పుట్టించడం ఈ గోడౌనులోనే నేర్చుకున్నాను. టర్నరుకూ అంతే. ఆ సాయంత్రం వాడు కుడి జోకు వేయలేదు, దాన్నిబట్టే తెలిసింది.

మర్నాడు ముందు హబ్బులు రెండూ పక్కలు మార్చాం. ఇకమీదట ఈ గోడౌనులో దాపట, ఎలపట తప్ప ఇంకో మాట వినపడకూడదని ధణి ఆజ్ఞ వేశాడు. వేసి, ఉత్సాహం పట్టలేక తానే పంచు తీసుకుని, ముందు హబ్బుల మీది పాత అక్షరాలను ఆకురాయితో అరగదీసి కొత్తవి కొట్టాడు. దాపటదాని మీద "దా", ఎలపటదాని మీద "ఎ". వెనక జత సరిగ్గానే ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. మీలో తెలివైనవాళ్ళు ఈపాటికి నవ్వుతుంటారు. కాస్త ఆగండి.

ఆ తర్వాత నాడె బాగా పరిగెత్తింది. ధర్మవరం దాకా వెళ్ళి వచ్చాం. నేతవీధిలో వడ్రంగి దాన్ని ఆపించి, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పట్టుదారం లాగి, ఎక్కడా వంకర లేదని ఇరుగుపొరుగు వాళ్ళందరికీ చూపించుకున్నాడు. బెంగుళూరు దగ్గర, యుద్ధకాలంలో విమానాలు దిగిన పాత మైదానంలో పందేలు జరుగుతాయని తెలిసి ధణి పేరు ఇచ్చాడు.

బయల్దేరే రోజు పొద్దున హబ్బులు విప్పి కొత్త గ్రీసు పెట్టాం. నాలుగింటినీ గోనెపట్టా మీద వరసగా పెట్టాం. ధణి అప్పటికే తన గుంతలో దిగి కూర్చుని హారను కొడుతున్నాడు. త్వరగా కావాలని ముందు ఇరుసు నేను తీసుకున్నాను, వెనక ఇరుసు టర్నరు తీసుకున్నాడు. నేను "దా" ఒకటి, "ఎ" ఒకటి ఏరుకున్నాను. వాడు "కు" ఒకటి, "ఎ" ఒకటి ఏరుకున్నాడు. అక్షరం చూసి పెట్టాం, ఇద్దరమూ తప్పు చేయలేదు. హబ్బులు ఊడదీసే పుల్లరు బరువని ధణి దాన్ని కారులోంచి తీయించేశాడు. "రేసు బండి తేలిగ్గా ఉండల్ల" అన్నాడు, ఆ మాట ఆయన నోట వింటే నవ్వొచ్చింది. టర్నరు కొడతి సంచిలో వేసుకుని రైలెక్కాడు.

దారి పొడుగునా మెల్లగా పోయాం కనుక నట్టులు అంతగా కదల్లేదు. ఆగిన చోటల్లా నేను రోడ్డు పక్క రాయితో నట్టుల మీద ఒక దెబ్బ వేస్తూనే ఉన్నాను, అది అలవాటు.

మైదానంలో మెరిసిపోయే కార్లు, నల్ల కళ్ళద్దాల దొరబాబులు. నాడెను చూసి ఒకాయన ముక్కు ఎగబీల్చి, "పులిహోర వాసన వస్తూందే" అని కన్నడంలో అన్నాడు. టర్నరు వాడికి కన్నడంలోనే సమాధానం చెప్పాడు, అది ఇక్కడ రాయలేను. కానీ నాడె తోక చుట్టూ జనం చేరారు. ఎక్కడ చేయించారని అడిగితే ధణి మీసం దువ్వి, "ధర్మవరం" అన్నాడు. పట్టుచీరల ఊరేనా అని వాళ్ళు నోరెళ్ళబెట్టారు.

జెండా ఊపారు. చెప్తే నమ్మరు, మొదటి చుట్టులో మేము చివర లేము. సాఫు రోడ్డు మీద ధణి కాలు నొక్కి పెట్టాడు, పొగగొట్టం నా మోచేయి పక్కన ఉరిమింది, రెండు పెద్ద కార్లను దాటాం. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికే అని ఆ రోజు అనుకున్నాను, సంతోషానికని ఇప్పుడు ఒప్పుకుంటాను. ధణి చిన్నపిల్లాడిలా కేకలు పెడుతున్నాడు.

రెండో చుట్టులో ఆయన పక్క ముందు చక్రం చూశాను. నట్టు చెవి వణుకుతోంది, వదులయ్యే వణుకు. చెవులు పగిలే ఆ మోతలో "ఎలపట" అని ఒక్క అరుపు అరిచాను. ఎవరి కుడి అని ఆలోచించే పని లేకపోయింది. ధణి తన పక్కకు తల తిప్పి చూసి, అదే ఊపులో కారును గడ్డిలోకి దింపాడు. వెనక్కి చూస్తే దాపట వెనక నట్టు కూడా అదే వరస.

టర్నరు కొడతి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రెండు నట్టులూ కొట్టి బిగించాడు, మళ్ళీ పోయాం. మళ్ళీ వదులు, మళ్ళీ గడ్డి, మళ్ళీ టర్నరు. ప్రతి చుట్టుకూ ఇదే వరస. మొదట నవ్విన జనం తర్వాత టర్నరు వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు, వాడు కొడతి పైకెత్తి దండం పెట్టేవాడు. మిగతావాళ్ళు బహుమతులు తీసుకుంటూ ఉండగా మేము చివరి చుట్టు ముగించాం. ఆఖరివాళ్ళం, కానీ ముగించాం.

ఇంటి దారి ఇంకా మిగిలే ఉంది. పక్కలు మారాయని నాకు తెలిసిపోయింది, ఎలా మారాయో తెలియలేదు. పుల్లరు లేకుండా హబ్బు రాదు. బెల్లం దించి ఖాళీగా హిందూపురం పోతున్న లారీ ఒకటి ఆగింది, మా ఊరి డ్రైవరే. "ఎక్కించుకుంటా ధణీ, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు" అన్నాడు. ధణి లారీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో, "వద్దులేప్పా, మా బండి నడుస్తాది" అన్నాడు.

నడిచింది. టర్నరు రైలు మానేసి, గుర్రమెక్కినట్టు తోక మీద కాళ్ళు చెరో పక్కన వేసి కూర్చున్నాడు, చేతిలో కొడతి. కొద్దికొద్ది దూరానికి ఆగడం, రెండు నట్టులూ కొట్టడం, పోవడం. ఆగినప్పుడల్లా నేనూ వాడూ కొట్లాట. దొడ్డబళ్ళాపురం దాటాక నా ఓపిక అయిపోయింది.

"నీ వెనక హబ్బు యాడిది తెచ్చి పెట్టినావు?" అన్నాను.

"ఎ అని ఉండేది పెట్టినా."

"ఎ అని ఉండేది నేను కదా పెట్టినా, ముందర."

"నువ్వేంటికి పెట్టినావు? ఎ అంటే ఎడ" అన్నాడు వాడు.

"ఎ అంటే ఎలపట" అన్నాను నేను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పాత "ఎ" ఎడమది. కొత్త "ఎ" కుడిది. గోనెపట్టా మీద రెండూ పక్కపక్కనే పడుకుని ఉన్నాయి, ఒకడిది ఇంకొకడు ఎత్తుకుపోయాం. మెల్లగా ఇద్దరమూ ధణి వైపు తిరిగాం. పంచు పట్టుకుని అక్షరాలు కొట్టిన మనిషి ఆకాశంలోకి చూస్తున్నాడు.

"పక్షులు గూళ్ళకు పోతాండాయి. మనమూ పోదాం పాండి" అన్నాడు. టర్నరు రోడ్డు మీదే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

హిందూపురం పొలిమేరకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రోజంతా కొట్టీ కొట్టీ నట్టుల చెవులు అరిగిపోయాయి, మరలు సగం చెడిపోయాయి. ఒక్క ఫర్లాంగు కూడా ఆగకుండా పోయే నమ్మకం లేదు. అక్కడ రోడ్డు పక్కన ధణి ఇంటి ఎద్దుల జత నిలబడి ఉంది, కాడి వేసి సిద్ధంగా. పక్కన సేద్యగాడు బీడీ పారేసి లేచాడు.

"అమ్మ పంపించినాదప్పా" అన్నాడు ధణితో. "కావల్లంటే కట్టుకోమనింది. ఇంటి వీధి తిరిగే మొదట్లోనే విప్పేసి నన్ను సందులోంచి పొమ్మనింది. కట్టినట్ల తనకు చెప్పొద్దనింది."

ధణి కారులోంచే చేయి చాపి దగ్గరున్న ఎద్దు మెడ నిమిరాడు. ఆ చిన్న మనిషి, తాను పెట్టిన షరతు తానే గెలవకూడదని చాటుగా ఎద్దులు పంపింది.  చింతపండు మూటల మీదుగా నడుస్తూ మమ్మల్ని తిట్టిన తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఇంగ కట్టేది లేదు" అన్నాడు ధణి. "దిగండబ్బా ఇద్దరూ."

దిగాం. ధణి కారును మనిషి నడకన పోనిచ్చాడు. ముందు ఎలపట చక్రం పక్కన నేను రాయి పట్టుకుని, వెనక దాపట చక్రం పక్కన టర్నరు కొడతి పట్టుకుని నడిచాం. చక్రం తిరిగినప్పుడల్లా నేనొక దెబ్బ, వాడొక దెబ్బ. బజారులో జనం మళ్ళీ లేచి నిలబడ్డారు. ఈసారి వెంట నడిచారు. మా దెబ్బలకు ఎవరో తాళం వేశారు, ఇంకెవరో పలక తెచ్చి వాయించారు, ఇంటికి చేరేసరికి అది దేవుడి ఊరేగింపులా ఉంది. ఎద్దులు విసుగు పుట్టి మమ్మల్ని దాటి ముందే ఇల్లు చేరాయి.

అమ్మగారు గేటు దగ్గర ఉన్నారు. ఎద్దుల మెడ చూశారు, కారుకు తాడు గుర్తులున్నాయేమో చూశారు.

"కట్టలేదా?" అని మెల్లగా అడిగారు.

"లేదు" అన్నాడు ధణి. "తన కాళ్ళ మీదే వచ్చినాది."

"ఎద్దులు మీకన్నా ముందొచ్చినాయి" అన్నారు ఆమె. కొంగుతో మొహం తుడుచుకుంటూ ఒకసారి కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు. "ఏ చక్రమప్పా?"

"ఎలపట ముందుది, దాపట వెనకది" అని ముగ్గురం ఒకే గొంతుతో అన్నాం. మేము ముగ్గురం ఒక మాట మీద ఉన్నది అదే మొదటిసారి.

రెండు "ఎ"ల సంగతి చెప్తే ఆమె గడప మీద కూలబడి నవ్వారు. మాట రాక చేతితో భర్తను చూపించి మళ్ళీ నవ్వారు. చింతపండు ఆ ఏడాదే మండీ పక్కన ఇంకో గోడౌనుకు పోయింది. ఇక్కడ ఒంటి అక్షరాలు రాయకూడదని, మాట మొత్తం రాయాలని ఆమె కొత్త ఆజ్ఞ. అప్పటి నుంచి నా హబ్బుల మీద, డబ్బాల మీద, గోడల మీద ఆ రెండు మాటలూ పూర్తిగా రాసి ఉంటాయి.

టర్నరు కొత్త నట్టులు కోసి, హబ్బులు సరిచేశాక నాడెను మళ్ళీ బయటికి తీశాం. పెనుకొండ దాకా పరీక్షకు పోవాలి. ధణి తన గుంతలో దిగాడు. నేను అలవాటుగా ఆయనకు దాపట పక్కన కూర్చుని, కాళ్ళు చాపుకున్నాను. అమ్మగారు చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని వచ్చి కారు పక్కన నిలబడ్డారు.

"నువ్వు దిగప్పా" అన్నారు నాతో.

"చక్రాలు చూసేదానికి మనిషి కావల్ల కదమ్మా" అన్నాను.

"నేను చూస్తాలే. పెండ్లినాటి నుంచీ దాపట పక్క నాదే కదా" అన్నారు.

నేను దిగాను. ఆమె ఎక్కి కూర్చుని, కొంగు నడుముకు బిగించి, దాపట చక్రం వైపు ఒకసారి తొంగి చూసి, ఇక పోనివ్వమని భర్తకు చెప్పారు.